నకిలీ విత్తనాల గోడు పార్లమెంటులో ఎట్లా వినిపించాలె? జీరో అవరా, ప్రశ్నా, 377వ నిబంధనా?

పాలమూరు_పత్తిచేను
వచ్చే సమావేశాలల్ల నకిలీ విత్తనాల సంగతి లేవనెత్తాలని మా ఎంపీకి నోట్ ఇద్దామని రైతు సంఘాలు అనుకుంటున్నయి. ఇది ఒక్క తెలంగాణ బాధ కాదు, మహారాష్ట్ర, గుజరాత్, ఆంధ్రలో కూడా ఉన్నదే. చట్టం కేంద్రానిది, 1966 నాటిది. దాని 19వ సెక్షన్ కింద మొదటిసారి దొరికితే జరిమానా 500 రూపాయల దాకా. రెండోసారి దొరికితే ఆరు నెలల జైలు, లేకుంటే వెయ్యి రూపాయలు, లేకుంటే రెండూ. ఒక్క పత్తి విత్తనాల ప్యాకెట్ ధర కూడా రాదు ఆ 500తోని. జీరో అవర్‌లో మాట్లాడిస్తే సరిపోతదా? తెలిసినోళ్లు వివరంగ చెప్పున్రి.

సభాపర్వం
సరిపోదండి. జీరో అవర్ పేరు చాలామందికి తెలుసు గానీ అది అసలు సభా నిబంధనల పుస్తకంలోనే లేదు. 1960ల తొలినాళ్ల నుంచి ఆనవాయితీగా నడుస్తోంది. లోక్‌సభలో ప్రశ్నోత్తరాలు ముగిశాక, అంటే 12 తర్వాత వస్తుంది. రాజ్యసభలో ఉదయం 11కే మొదలవుతుంది, ఎందుకంటే 2014 నవంబరులో అక్కడ ప్రశ్నోత్తరాలను మధ్యాహ్నం 12కి మార్చారు. రాజ్యసభలో సభ్యుడికి ఇచ్చేది మూడు నిమిషాలు, ఆ తర్వాత మైకు దానంతటదే ఆగిపోతుంది.

అసలు చిక్కు సమయం గురించి కాదు. జీరో అవర్‌లో అడిగినదానికి మంత్రి లేచి జవాబు చెప్పాలన్న నియమం లేదు. ఎంపీ ఆవేదన రికార్డులోకి ఎక్కుతుంది, ప్రభుత్వం మాట ఎక్కదు. మీకు కావలసింది రెండోది.

గుంటూరు_మిరప
సభాపర్వం గారు, జీరో అవర్‌ను మరీ తీసిపారేయకండి. ఒక సభ్యుడు మాట్లాడుతుంటే మిగతావాళ్లు ‘నేనూ ఈ అంశంతో ఏకీభవిస్తున్నాను’ అని చీటీ పంపి పేరు చేర్చుకోవచ్చు. ఆ పేర్లు రికార్డులో అచ్చవుతాయి. విదర్భ ఎంపీ, సౌరాష్ట్ర ఎంపీ, పాలమూరు ఎంపీ, పల్నాడు ఎంపీ ఒకే అంశం కింద పేర్లు చేరిస్తే అది జిల్లా సమస్య అనిపించుకోదు. పార్టీలకు అతీతంగా పేర్లు చేర్చే పని ముందు రోజే ఫోన్లలో జరగాలి. సభలో అప్పటికప్పుడు కుదరదు.

సభాపర్వం
ఒప్పుకుంటాను. దాన్ని మొదటి మెట్టుగా వాడుకోండి, అక్కడే ఆగిపోకండి.

జవాబు రాబట్టాలంటే ప్రశ్నే దారి. లోక్‌సభలో రోజుకు 20 స్టార్ ప్రశ్నలు, 230 స్టార్ లేనివి. రాజ్యసభలో 15, 160. స్టార్ ప్రశ్నకు మంత్రి సభలో నోటితో జవాబిస్తారు, అడిగిన సభ్యుడు రెండు అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. స్టార్ లేనిదానికి రాతపూర్వక జవాబు మాత్రమే. లోక్‌సభలో ఒక సభ్యుడికి ఒక రోజుకు మొత్తం ఐదు ప్రశ్నలు, అందులో స్టార్ ఒక్కటే. నోటీసు కనీసం 15 పూర్తి రోజుల ముందు ఇవ్వాలి. సభ్యులను సమావేశాలకు పిలిచే సమన్లు వెలువడిన మర్నాటి నుంచే నోటీసులు తీసుకుంటారు కాబట్టి సమావేశాలు మొదలయ్యాక నోట్ తెచ్చిస్తే మొదటి రెండు వారాలూ పోయినట్టే. మీ నోట్ ఎంపీ కార్యాలయానికి సమన్ల కంటే ముందే చేరాలి.

ఏ ప్రశ్న ముందు రావాలో బ్యాలట్, అంటే లాటరీ, తేలుస్తుంది. 20 ఉన్నా గంటలో నోటి జవాబు దాకా వచ్చేవి ఐదారు. అందుకే ఒక్క ఎంపీని నమ్ముకోవద్దు. ఒకే అంశంపై నలుగురైదుగురు వేర్వేరు మాటల్లో నోటీసులిస్తే బ్యాలట్‌లో ఒకటైనా పైకి వచ్చే అవకాశం పెరుగుతుంది. ఒక రాజ్యసభ సభ్యుడికి కూడా ఇవ్వండి. అక్కడ సభ్యులు 245, స్టార్ ప్రశ్నలు 15. లెక్క కాస్త అనుకూలం.

ప్రశ్నోత్తరి
నోటీసులు ఎక్కువగా ఎక్కడ తిరస్కరణకు గురవుతాయో చెప్తాను. లోక్‌సభ 41వ నిబంధన ఒకసారి చదివితే సగం పని అయినట్టే. ప్రశ్న 150 పదాలు దాటకూడదు. వాదన, ఊహ, వ్యంగ్యం, ఆరోపణ ఉండకూడదు. మంత్రి అభిప్రాయం అడగకూడదు. అందుబాటులో ఉన్న పత్రాల్లో దొరికే సమాచారం అడగకూడదు. కోర్టులో నలుగుతున్న విషయం రాకూడదు. అన్నిటికంటే ముఖ్యమైనది, అది ప్రధానంగా కేంద్ర ప్రభుత్వ బాధ్యత అయి ఉండాలి.

విత్తనాల విషయంలో ఎక్కువమంది జారేది ఈ చివరి మెట్టు మీదే. ‘ఫలానా జిల్లాలో నకిలీ విత్తనాలు అమ్మినవాళ్లపై ఏం చర్యలు తీసుకున్నారు’ అని అడిగితే ‘వ్యవసాయం రాష్ట్ర జాబితాలోది’ అని ఒక్క వాక్యంతో తేలుస్తారు. రాజ్యాంగంలో వ్యవసాయం నిజంగానే రాష్ట్ర జాబితా 14వ అంశం. కానీ విత్తన చట్టం కేంద్రానిది, నిత్యావసర వస్తువుల చట్టం కింద వచ్చిన 1983 విత్తన నియంత్రణ ఉత్తర్వు కేంద్రానిది. శిక్ష పెంచే అధికారం పార్లమెంటుది. ప్రశ్నను అక్కడ నాటండి.

ఇంకొకటి. కలుపు మందును తట్టుకునే అనుమతి లేని పత్తి విత్తనాల గురించి అడగాలంటే శాఖ మారుతుంది. జన్యుమార్పిడి అనుమతులు పర్యావరణ శాఖలోని జన్యు ఇంజినీరింగ్ మదింపు కమిటీ (జీఈఏసీ) చేతిలో ఉంటాయి, 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం కిందకి వస్తాయి. శాఖలను ఐదు గుంపులు చేసి సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకొక గుంపుకు ఇస్తారు. వ్యవసాయ శాఖకు వేసిన పర్యావరణ ప్రశ్న శాఖ మారి, రోజు మారి, స్టార్ పోగొట్టుకుంటుంది. రెండింటినీ ఒకే ప్రశ్నలో కలపకండి.

పాలమూరు_పత్తిచేను
గీ తీరుగ రాసిన, చూడున్రి.

వ్యవసాయ, రైతు సంక్షేమ శాఖ మంత్రి తెలుపుతారా: (ఎ) దేశంలో రైతులను ముంచుతున్న నకిలీ విత్తనాల ముఠాలను ప్రభుత్వం ఎందుకు అరికట్టలేకపోతున్నది, (బి) 1966 విత్తన చట్టంలో శిక్షలు ఏమిటి, (సి) నష్టపోయిన రైతుకు పరిహారం ఇచ్చే ఏర్పాటు చట్టంలో ఉన్నదా?

ప్రశ్నోత్తరి
అన్నా, మూడూ ఎగిరిపోతాయి. (ఎ)లో ఆరోపణ ఉంది. (బి), (సి)లకు జవాబు చట్టం పుస్తకంలోనే ఉంది. అందుబాటులో ఉన్న సమాచారం అంటారు.

(ఎ)ని అంకెల్లోకి మార్చండి. ‘గత మూడేళ్లలో విత్తన చట్టం కింద సేకరించిన నమూనాలు, అందులో ప్రమాణాలకు తగనివి, పెట్టిన కేసులు, పడిన శిక్షలు ఎన్ని, రాష్ట్రాల వారీగా, సంవత్సరాల వారీగా’. (బి)లో ‘19వ సెక్షన్‌లోని శిక్షలు పెంచే ప్రతిపాదన ప్రభుత్వం వద్ద ఉన్నదా, ఉంటే వివరాలు, ఏ దశలో ఉన్నది, లేకుంటే కారణాలు’ అని అడగండి. (సి)లో ‘రైతుకు నిర్ణీత గడువులో పరిహారం అందించే ఏర్పాటు చేసే ఉద్దేశం ఉన్నదా’ అని. ‘లేకుంటే కారణాలు’ అన్న రెండు మాటలు ఎప్పుడూ వదలకండి. అవి లేకపోతే జవాబు ‘లేదండి’ దగ్గర ఆగిపోతుంది.

అనుబంధ ప్రశ్నలు రెండూ ముందే రాసిపెట్టుకోవాలి, కానీ చూసి చదివితే స్పీకర్ ఆపుతారు. మొదటిది అంకెల నుంచి పుట్టాలి. నమూనాలు తప్పినవాటికీ శిక్షలు పడినవాటికీ మధ్య దూరం ఎందుకుందని నిలదీయాలి. రెండోది 2004లో రాజ్యసభలో ప్రవేశపెట్టిన విత్తన బిల్లు గురించి. అది రెండు సభల ఎంపీలుండే వ్యవసాయ స్థాయీ సంఘానికి వెళ్లింది, 2006లో నివేదిక వచ్చింది, బిల్లు చట్టం కాలేదు. పరిహారం మీద ఆ సంఘం చేసిన సిఫార్సులను ఇప్పుడు ఎంతవరకు తీసుకుంటారని అడిగితే మంత్రి పక్కకు జరగడం కష్టం.

గుంటూరు_మిరప
పరిహారం మాట వచ్చింది కాబట్టి ఒకటి చేర్చండి. 2012 జనవరిలో సుప్రీంకోర్టు విత్తనం కొన్న రైతు వినియోగదారుడే, వినియోగదారుల ఫోరానికి వెళ్లవచ్చు అని తీర్పిచ్చింది. ఆ కేసులో రైతులు మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాళ్లే. ‘ఫోరం ఉంది కదా’ అని మంత్రి అంటే, రైతు విడివిడిగా ఏళ్లతరబడి తిరగాల్సిన పని చట్టంలోనే ఎందుకు తేల్చరని అడగడానికి ఎంపీ గారికి ఇది తెలిసి ఉండాలి.

ఉత్తరాంధ్ర_గొంతు
ఇదంతా బాగుంది గానీ, సభలో ప్రధానమంత్రి చెప్పిన మాటకే దిక్కు లేనప్పుడు మంత్రి జవాబుకు విలువేంటండి? ప్రత్యేక హోదా చూశాం కదా.

సభాపర్వం
ఈ ప్రశ్న న్యాయమైనది. దీన్ని దాటవేయకూడదు.

2014 ఫిబ్రవరి 20న రాజ్యసభలో ప్రధాని మన్మోహన్ సింగ్ 13 జిల్లాల ఆంధ్రప్రదేశ్‌కు కేంద్ర సాయం నిమిత్తం ఐదేళ్లు ప్రత్యేక హోదా ఇస్తామన్నారు. వెంకయ్యనాయుడు గారు పదేళ్లు కావాలన్నారు. ఆ మాట సభా కార్యకలాపాల్లో అక్షరాలా ఉంది. 2014 పునర్వ్యవస్థీకరణ చట్టంలో లేదు. అదే చట్టం 90వ సెక్షన్‌లో పోలవరం జాతీయ ప్రాజెక్టు అని రాసి ఉంది. ఎన్ని ఆలస్యాలు జరిగినా పోలవరానికి కేంద్రం బాధ్యత లేదని ఎవరూ అనలేకపోయారు. హోదాకు అలాంటి అండ లేకపోయింది. తేడా అంతా అక్కడే. సవరణ కోసం పట్టుబట్టి ఆ వాక్యాన్ని బిల్లులోకి ఎక్కించి ఉంటే పోరాటం ఇంకోలా ఉండేది.

తర్వాత కె.వి.పి. రామచంద్రరావు గారు దాన్ని చట్టంలో చేర్చాలని రాజ్యసభలో ప్రైవేటు మెంబరు బిల్లు తెచ్చారు. 2016లో అది ధన బిల్లు అవుతుందన్న అభ్యంతరం వచ్చి ఓటింగ్ దాకా రాలేదు. ఖజానా మీద భారం పడే బిల్లును ఎగువ సభలో ప్రైవేటు మెంబరు ద్వారా తేవడంలో ఉన్న ప్రమాదం ఇదే.

గోదారిగట్టు
2018 కూడా చెప్పండి. అది మన ఎంపీలకు పెద్ద పాఠం. మార్చిలో తెలుగుదేశం, వైసీపీ రెండూ అవిశ్వాస తీర్మానానికి నోటీసులిచ్చాయి. 198వ నిబంధన కింద అనుమతికి 50 మంది లేచి నిలబడాలి. సభ సద్దుమణగనిదే లెక్కించలేనని స్పీకర్ సుమిత్రా మహాజన్ రోజూ వాయిదా వేశారు. వెల్‌లో, అంటే స్పీకర్ కుర్చీ ముందు, వేరే పార్టీలు వేరే డిమాండ్లతో ప్లకార్డులు పట్టుకుని నిలబడ్డాయి. తీర్మానం లెక్కకే రాకుండా సమావేశాలు ముగిశాయి. అదే గోలలో మార్చి 14న కేంద్ర బడ్జెట్ చర్చ లేకుండా ఆమోదం పొందింది. మన వాటా ఏదీ అని అడగాల్సిన రోజు అదే!

జులై 20న చర్చ జరిగింది. కేశినేని శ్రీనివాస్ ప్రతిపాదించారు, గల్లా జయదేవ్ మొదలుపెట్టారు. 325 – 126తో వీగిపోయింది. ఓడినా ఆ రోజు ఆంధ్రప్రదేశ్ లెక్కలన్నీ దేశం ముందు పడ్డాయి, ప్రధాని జవాబు చెప్పక తప్పలేదు. వెల్‌లోకి వెళ్లిన రోజుల్లో రికార్డులోకి ఎక్కింది వాయిదా ఒక్కటే.

ఉత్తరాంధ్ర_గొంతు
అయితే చర్చ ఎలా రప్పించాలి? 193వ నిబంధన అంటున్నారు, 184 అంటున్నారు, 267 అంటున్నారు.

గోదారిగట్టు
వాయిదా తీర్మానం 56వ నిబంధన. ప్రభుత్వాన్ని తప్పుపట్టే స్వభావం ఉంటుంది కాబట్టి లోక్‌సభలోనే ఉంది, రాజ్యసభలో లేదు. 50 మంది మద్దతు కావాలి. 184 కింద చర్చ తర్వాత ఓటింగ్ ఉంటుంది, అందుకే ప్రభుత్వాలు సులభంగా ఒప్పుకోవు. రాజ్యసభ 267 మిగతా పనులన్నీ పక్కన పెట్టడానికి. 2016 నవంబరులో పెద్ద నోట్ల రద్దుపై ఒప్పుకున్నారు, ఆ తర్వాత నోటీసులు కుప్పలుగా వచ్చినా తిరస్కరణలే. విత్తనాలకు వీటిలో ఏదీ వద్దు.

మీకు సరిపోయేది 193. దీనికి నోటీసుతో పాటు కనీసం ఇద్దరు ఇతర సభ్యుల సంతకాలు చాలు. ఓటింగ్ లేదు కాబట్టి పాలకపక్ష సభ్యులు కూడా విప్ భయం లేకుండా మాట్లాడతారు. రాజ్యసభలో దీనికి సాటి 176. అంతకన్నా చిన్నది 197, సావధాన తీర్మానం. మంత్రి ప్రకటన చేస్తారు, నోటీసులో పేర్లున్న ఐదుగురి దాకా వివరణలు అడుగుతారు. ఇది 1954 నుంచి ఉన్న పద్ధతి, మన పార్లమెంటు సొంతంగా తయారుచేసుకున్నది. విత్తనాలు వేసే జూన్, జులై తర్వాత వచ్చే వర్షాకాల సమావేశాల్లో దీనికి బలం ఎక్కువ, అప్పటికి మొలవని చేలు కళ్లముందే ఉంటాయి.

377 కూడా మరవద్దు. 250 పదాల్లోపు పాఠం, స్పీకర్ ఆమోదించిన మాటలే రికార్డుకు ఎక్కుతాయి, పైన ఒక్క మాట చేర్చినా పోదు. సభ్యుడికి వారానికి ఒకటే. గొడవ రోజుల్లో చదవకుండా సభకు సమర్పించినా లెక్కలోకి వస్తుంది, సంబంధిత మంత్రి నుంచి ఎంపీకి లేఖ వస్తుంది. మాట్లాడడానికి సమయం దొరకని చిన్న పార్టీలకు ఇదొక ఊతం.

ప్రశ్నోత్తరి
సమయం సంగతి చాలామందికి తెలియదు. చర్చకు గంటలు సభా వ్యవహారాల సలహా సంఘం నిర్ణయిస్తుంది, పార్టీలకు బలాన్ని బట్టి పంచుతారు. 543 మంది సభలో ఎనిమిది గంటల చర్చ అనుకుంటే 16 మంది ఉన్న పార్టీకి దాదాపు 14 నిమిషాలు, నలుగురున్న పార్టీకి మూడున్నర. ఆ మూడున్నరలో విభజన చట్టం, ఉక్కు ఫ్యాక్టరీ, రైల్వే జోన్, విత్తనాలు అన్నీ చెప్పాలని చూస్తే ఒక్కటీ నిలవదు. ఒక అంశం, రెండు అంకెలు, ఒక డిమాండ్. అంతే.

బడ్జెట్ సమావేశాల్లో ఇంకో దారి ఉంది. వ్యవసాయ శాఖ పద్దు మీద కోత తీర్మానం. 100 రూపాయలు తగ్గించాలని ప్రతిపాదిస్తారు, ఒక నిర్దిష్టమైన ఫిర్యాదు చెప్పడానికి. కానీ ఆ శాఖ పద్దు చర్చకు ఎంపికైతేనే. మిగతా పద్దులన్నీ చివరి రోజు గిలటిన్‌తో, అంటే చర్చ లేకుండా, ఒకేసారి ఆమోదిస్తారు. అందుకే స్థాయీ సంఘానికి కూడా నోట్ పంపండి. ఒక్కో సంఘంలో 31 మంది, 21 లోక్‌సభ, 10 రాజ్యసభ. టీవీ కెమెరాలు ఉండవు, అధికారులను ఎదురుగా కూర్చోబెట్టి అడుగుతారు. జన్యుమార్పిడి ఆహార పంటలపై 2012 ఆగస్టులో బాసుదేవ్ ఆచార్య అధ్యక్షతన వచ్చిన నివేదిక పార్టీలకు అతీతంగా సాగిన పనికి మంచి ఉదాహరణ.

కోటిలింగాల
సభలో చేయకూడనివి కూడా చెప్పుకుందాం. నకిలీ విత్తనాల ప్యాకెట్ తెచ్చి ఎత్తి చూపించాలని ఎవరైనా సలహా ఇస్తే వద్దనండి. లోక్‌సభ 349వ నిబంధన వస్తువుల ప్రదర్శన ఒప్పుకోదు. కంపెనీ పేరు పెట్టి ఆరోపించాలంటే 353 కింద స్పీకర్‌కు, మంత్రికి ముందుగా నోటీసు ఇవ్వాలి. లేకపోతే ఆ మాటలు రికార్డుల నుంచి తొలగిస్తారు, తొలగించిన భాగాన్ని వీడియోగా పంచుకోవడం మరో సభా హక్కుల గొడవ. ల్యాబ్ నివేదిక చూపించదలిస్తే సభ్యుడు సంతకంతో ధ్రువీకరించి సభకు సమర్పించాలి, అందుకు ముందే అనుమతి కావాలి. నివేదికలో తప్పుంటే బాధ్యత ఆయనదే. కాబట్టి మీరిచ్చే కాగితంలో ప్రతి అంకెకీ ఆధారం ఉండాలి.

భాష గురించి. తెలుగులో మాట్లాడవచ్చు, రెండు సభల్లోనూ తక్షణ అనువాదం ఉంది. అనువాదకులు సిద్ధంగా ఉండేలా ముందే చెప్పాలి. వాళ్లకు నోట్ కూడా ఇస్తే ‘మొలక శాతం’, ‘జన్యు స్వచ్ఛత’ లాంటి మాటలు మంత్రి చెవిలో సరిగ్గా పడతాయి.

సభాపర్వం
ఉత్తరాంధ్ర గారి ప్రశ్నకు మిగిలిన సగం జవాబు ఇది. మంత్రి ‘పరిశీలనలో ఉంది’ అన్నా, ‘రాష్ట్రాల నుంచి సమాచారం సేకరిస్తున్నాం, సభకు సమర్పిస్తాం’ అన్నా అది హామీగా నమోదయ్యే మాట. ప్రతి సభకూ ప్రభుత్వ హామీల కమిటీ ఉంది, లోక్‌సభలో 15 మంది, రాజ్యసభలో 10 మంది. మూడు నెలల్లో నెరవేర్చాలి. కుదరకపోతే శాఖ గడువు అడగాలి, వదులుకోవాలంటే కమిటీ ఒప్పుకోవాలి. శాఖ తనంతట తాను మూసేయలేదు.

జవాబు వచ్చిన రోజే దాన్ని దించుకుని ఇలాంటి వాక్యాల కింద గీత గీయండి. తేదీ, ప్రశ్న నంబరు రాసిపెట్టుకోండి. మూడు నెలలు దాటిన మర్నాడు ఎంపీ ద్వారా కమిటీ ఛైర్మన్‌కు లేఖ. జవాబులో అంకెలు అసంపూర్తిగా ఉంటే 55వ నిబంధన కింద అరగంట చర్చకు మూడు రోజుల ముందు నోటీసు, దానితో కారణాల వివరణ.

పాలమూరు_పత్తిచేను
అందరికీ దండాలు. ప్రశ్న మల్ల రాసిన. (ఎ) నమూనాలు, కేసులు, శిక్షలు రాష్ట్రాల వారీగా మూడేళ్లవి. (బి) 19వ సెక్షన్ సవరణ ప్రతిపాదన ఏ దశలో ఉన్నది, లేకుంటే కారణాలు. (సి) గడువులోపు పరిహారం ఏర్పాటు చేసే ఉద్దేశం, లేకుంటే కారణాలు. అనుమతి లేని పత్తి విత్తనాల ప్రశ్న వేరేగ, పర్యావరణ శాఖకు. ఇద్దరు లోక్‌సభ, ఒక రాజ్యసభ ఎంపీకి ఇస్తం.

ప్రశ్నోత్తరి
చాలా బాగుంది అన్నా. ఒక్క మార్పు. ముగ్గురికీ ఒకే పాఠం ఇవ్వకండి. ఒకేలాంటివి వస్తే లోక్‌సభలో రెండు పేర్లూ కలిపి ఒకే ప్రశ్నగా వేస్తారు. ఒకరికి (ఎ), (బి), ఇంకొకరికి (సి)తో పాటు 2004 బిల్లు. రాజ్యసభకు పర్యావరణ ప్రశ్న. ఇంగ్లిష్ ప్రతి కూడా జతచేయండి, పోర్టల్‌లో నోటీసు ఎక్కించేది హిందీలోనో ఇంగ్లిష్‌లోనో. ఆ లాగిన్‌తో ఎక్కించాల్సింది ఎంపీయే. డబ్బు తీసుకుని ప్రశ్నలు వేశారని 2005 డిసెంబరులో 11 మంది సభ్యులను బహిష్కరించారు. అందుకని మీ నోట్ మీద సంఘం పేరు, సంతకం, తేదీ బాహాటంగా ఉండనివ్వండి.